బ్యాటరీ ఉపవాసం

నేను బి.ఎస్సీ. గట్టెక్కితే కోటప్పకొండకు ప్రభ కడతానని మా అమ్మ మొక్కుకుంది. గట్టెక్కాను. శివరాత్రి దగ్గరపడేకొద్దీ, ఆ సంగతి స్వామి మరిచినా అమ్మ మరవదని అర్థమైంది.

ప్రభ అంటే మా పల్నాడులో ఆషామాషీ కాదు. ఊరంతా కలిసి మేడంత ఎత్తు చట్రం కట్టి, రంగు గుడ్డలూ బల్బులూ తొడిగి, బండి మీద నిలబెట్టి తిరునాళ్లకు తోలుకెళ్తారు. నరసరావుపేటలో మా ఇంట్లో ఉన్నది అమ్మా నేనూ. ఎడ్లు లేవు. ప్రభ ఎంత ఎత్తుండాలని అమ్మను వినయంగా అడిగాను.

"ఎత్తు మొక్కుకోలేదులేరా. కానీ బయల్దేరిన ప్రభ కొండ కిందికి చేరిందాకా దారిలో చతికిలబడగూడదు. మనిషి చెయ్యేసి నెట్టగూడదు. అట్టా జరిగితే మొక్కు తీరనట్టే. వచ్చే ఏడు మెరక చేను అమ్మైనా పెద్ద ప్రభ కట్టాల్సిందే."

మాకు ఉన్న చేను అదొక్కటే.

నేను భుజమెత్తు ప్రభ కట్టాను. కింద పిల్లల మూడు చక్రాల సైకిలు, దానికి కారు అద్దాలు తుడిచే పాత మోటారు, ఆరు వోల్టుల మోటారుసైకిలు బ్యాటరీ. మద్రాసులో చదివేటప్పుడు మిలిటరీవాళ్లు వదిలించుకున్న రేడియో సామాను కొని దాచుకున్నాను. అది ఇప్పుడు పనికొచ్చింది. నా చేతిలో ఏరియల్ ఉన్న రేకు పెట్టె. ఒక బటను నొక్కితే ప్రభ నడుస్తుంది, వదిలితే నిలబడుతుంది. రెండో బటను ముందు చక్రాన్ని తిప్పుతుంది. మధ్యలో తీగ లేదు. అమ్మ ఒకసారి చూసి, "ఎడ్లకంటే మాట వింటందే" అంది. డిగ్రీ వచ్చినప్పుడు కూడా ఆమె నన్ను ఇంతగా మెచ్చుకోలేదు.

రేడియో తొందరగానే లొంగింది. లొంగనిది ఛార్జరు.

బస్టాండు పక్కన బ్యాటరీల షెడ్డు ఉండేది. లారీలవీ ట్రాక్టర్లవీ బ్యాటరీలన్నీ వరసగా కూర్చోబెట్టి, ఒకే ఛార్జరుతో పంక్తి భోజనం పెట్టేవాళ్లు. నా పిల్ల బ్యాటరీని కూడా ఆ పంక్తిలోనే కూర్చోబెట్టారు. లారీ బ్యాటరీ తినే కరెంటే దీనికీ వడ్డించారు. నేను వెళ్లేసరికి అది కుతకుతలాడుతోంది.

"ఇదేందండీ, ఉడికిపోతంది!" అన్నాను.

షెడ్డు యజమాని వక్కపొడి నములుతూ, "బుడగలొస్తన్నయ్ గదా అబ్బాయ్, చానా బాగా ఎక్కుతందన్నమాట. పొద్దుగూకులూ కూర్చోబెట్టుకుంటే నాకేం లాభం?" అన్నాడు.

ఆ బ్యాటరీలో పలకలు వంకర్లు తిరిగాయి. రెండు వీధులు నడిచి ప్రభ సెలవు తీసుకుంది. ఇంకో బ్యాటరీ తెచ్చుకున్నాను.

నకరికల్లులో మా మేనమామకు ట్రాక్టరు ఉంది. "దానికి తగిలించుకోరాదంట్రా? నేను దున్నుతుంటే అది నిండుద్ది" అన్నాడు. ట్రాక్టరు పన్నెండు వోల్టులు, నాది ఆరు. ఆ మాట చెబితే, "సగం చేనే దున్నుతాలే" అన్నాడు.

ఇక ఎవరి దగ్గరికీ వెళ్లకూడదని తీర్మానించుకున్నాను. కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు ఒకటి, దాన్ని ఒకే దిక్కుకు మళ్లించే రెక్టిఫయరు పలకలు, ఎంత పారుతుందో చూపే మీటరు, దారిలో అడ్డంగా ఒక కారు బల్బు. ఆ బల్బు ఉన్నంతసేపూ కరెంటు ఎగబడదు. బ్యాటరీ నిండేకొద్దీ బల్బు ఎర్రబడి మసకబారుతుంది. ఒకపూటలో అయ్యే పని కాదు. రాత్రీ పగలూ కొద్దికొద్దిగా తాగించాలి. వేడెక్కితే ఆపాలి. డిస్టిల్డు వాటరు తప్ప మా బావి నీళ్లు చుక్క తగలకూడదు. చంటిపిల్లను సాకినట్టు సాకాను. నాలుగుసార్లు నింపి, నాలుగుసార్లు వీధుల్లో తిప్పి ఖాళీ చేశాను. నిండు బ్యాటరీతో ప్రభ మా బజారు చుట్టి వచ్చి ఇంకా నడుస్తానంది.

శివరాత్రి ముందు రోజు చివరిసారి నడిపి, సాయంత్రం ఛార్జరుకు పెట్టాను. రాత్రి మా ఊరి కరెంటుకు ఓపిక ఉండదు. బల్బు దీపపు ఒత్తిలా ఉంటుంది. అసలు నిండటమంతా తెల్లవారాకే. పండగ పొద్దున్నే లేచి, మధ్యాహ్నం దాకా కదపొద్దని అమ్మకు చెప్పి, లారీ మాట్లాడటానికి వెళ్లాను.

మధ్యాహ్నం మామయ్యతో కలిసి లారీలో తిరిగొచ్చేసరికి మీటరు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. స్విచ్చి కట్టేసి ఉంది.

"అమ్మా, ఇదెవరు ఆపారు?"

"నేనే. పొద్దున స్నానం చేసి రాగానే ఆపాను. ప్రభ తోలేవాళ్లు ఉపవాసం ఉండాలా వద్దా?"

"తోలేది నేను గదమ్మా!"

"మొయ్యాల్సింది అదిగా. మనం పస్తులుండి, అదొక్కటీ పొద్దుట్నుంచీ మెక్కుతా కూర్చుంటే స్వామి ఏమనుకుంటాడు?"

బ్యాటరీ ఎంత నిండిందో చెప్పే హైడ్రోమీటరు ముంచి చూశాను. సగం.

"షెడ్డులో అరగంట పెట్టిస్తే సరి" అన్నాడు మామయ్య.

"ఉడకబెట్టి చంపిన దానికంటే ఆకలిగా ఉన్నదే నయం. ఎక్కించండి" అన్నాను.

కొండ ముందు, బండ్లు ఆపేసే మలుపు దగ్గర ప్రభను దించాం. అక్కడినుంచి మొక్కు లెక్కలోకి వస్తుంది. బల్బులు కొండ కింద చేరాకే వెలిగించాలని నిర్ణయించి బటను నొక్కాను. అమ్మ ముందు నడిచింది. జనం వింతగా చూసి దారి ఇచ్చారు. ప్రభ బుద్ధిగానే నడిచింది. సగం దారి దాటాక నేల మెరకకు తిరిగింది. మోటారు గొంతు మారింది. చక్రాలు ఒక్కో గులకరాయితోనూ విడివిడిగా మాట్లాడటం మొదలుపెట్టాయి.

"నెడతా" అన్నాడు మామయ్య.

"చెయ్యి తగిలిందో ఊరుకోను!" అంది అమ్మ.

అప్పుడు ఎవరో ముసలమ్మ జనంలోంచి వచ్చి, ప్రభ ముందు కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టుకుంది. ఆమె మీదికి తోలలేక బటను వదిలాను. ప్రభ నిలబడిపోయింది. మెరక చేను కళ్ల ముందు కదిలింది.

అమ్మ నా వైపు చూసి, "ఏందిరా ఆ మొహం? కాయ కొట్టేటప్పుడు నిలబడితే చతికిలబడినట్టు గాదు. ఏ ప్రభైనా నిలబడుద్ది" అంది.

ముసలమ్మ లేచి పక్కకు వెళ్లాక బటను నొక్కాను. ప్రభ ఇందాకటికంటే చురుగ్గా కదిలింది. సీసపు బ్యాటరీకి కాసేపు విశ్రాంతి ఇస్తే కాస్త జీవం పుంజుకుంటుంది. ఇది పుస్తకంలో ఉంది. కొబ్బరికాయ సంగతి పుస్తకంలో లేదు.

"మామయ్యా, కొబ్బరికాయలు పట్రా."

"ఎన్నిరా?"

"కొండ దాకా."

గొంతు మారినప్పుడల్లా బటను వదిలాను. మామయ్య కాయ కొట్టాడు. నేను కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థించాను. అంతసేపు దేవుడితో నాకెప్పుడూ పని పడలేదు. మధ్యలో అమ్మ, "నీకింత భక్తి ఎప్పట్నుంచిరా?" అంది.

"మెరక మొదలైన కాడ్నుంచి."

తరవాతి కాయ మామయ్య చేతిలోంచి తీసుకుని అమ్మే కొట్టింది, బాగా నిదానంగా. పీచు వలిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, అది పూర్తిగా ఆరిందాకా నిలబడింది.

కొండ కింద చివరి గజాలు ప్రభ నత్తలా పాకింది. కానీ పాకింది. చెయ్యి ఎవరూ వెయ్యలేదు. బల్బులు వెలిగించాను. చుట్ట చివరి నిప్పంత ఎర్రగా వెలిగాయి.

"వెలిగినయ్" అంది అమ్మ. మెరక చేను మాకే మిగిలింది.

మర్నాడు పొద్దున అమ్మ మడి కట్టుకుని వంట చేసింది. విస్తళ్లు వేసి నన్నూ మామయ్యనూ కూర్చోమంది. తను కూర్చోలేదు. వరండాలోకి వెళ్లి, ఛార్జరు స్విచ్చి వేసి, మీటరు ముల్లు లేచిందాకా చూసి వచ్చింది.

"ఇప్పుడు తిందాం" అంది.