రెండు గంటెముక్కు కొంగలు

పక్షుల గురించి నాకు తెలిసినంత ఈ బందరులో ఇంకెవరికీ తెలియదని చాలాకాలం విర్రవీగాను. బళ్ళో పాఠాలు చెప్పే నోరు కదా, ఊరుకోదు. ఆ పొగరు కృత్తివెన్నులో ఒక చెరువు దగ్గర దిగిపోయింది.

శీతాకాలం, పొద్దున. రొయ్యల చెరువు మీద పిట్టలు వాలకుండా కప్పిన వలలో రెండు గంటెముక్కు కొంగలు పడి కొట్టుకుంటున్నాయి. ముక్కు చివర గంటెలా వెడల్పుగా ఉంటుందని వాటికా పేరు. చెరువుకి కాపలా ఉండే ఆమె కత్తి పట్టుకుని అప్పటికే మోకాటిలోతు బురదలో ఉంది. నేనూ బండి ఆపి, పంట్లాం మడిచి దిగాను.

ఒకదాని ముక్కు కొసన పసుపు మచ్చ. అది మన దగ్గరికి ఏటా వచ్చేదే. రెండోదాని ముక్కు మొత్తం నలుపు, కళ్ళ చుట్టూ కూడా నలుపే. నల్లమొహం గంటెముక్కు! కొరియా, చైనా తీరాల్లో తిరిగే దాయాది జాతి. లోకం మొత్తంలో బహు కొద్దిగా మిగిలిన పక్షి. మన వైపు చూశానన్నవాణ్ణి నేనెరగను.

“ముందు ఈ నల్లదాన్ని తీద్దామమ్మా,” అన్నాను.

“దానికి రెక్కే కదండీ చిక్కుకుంది. దీనికి మెడకి బిగిసిపోయిందండి. ముందు దీన్ని తీద్దామండి.”

“నీకు తెలీదు, చెప్పింది చెయ్యి!” అని కసిరాను.

మాస్టారిని కదా, ఆమె నల్లదాని వైపే నడిచింది. ఉన్నది ఒక్కటే కత్తి. ఒకరు పక్షిని పట్టుకుంటే గానీ ఇంకొకరు వల కొయ్యలేరు. నేను పట్టుకున్నాను, ఆమె కోసింది. అప్పుడు కూడా నా నోరు మూతపడలేదు. దీని మొహాన నల్లటి తోలు, దానికి తెల్లటి ఈకలు, దీని ముక్కు కొస నలుపు, దానికి పసుపు, అంటూ పాఠం మొదలుపెట్టాను. ఆమె ఊఁ కొడుతూనే మాటిమాటికీ ఆ పసుపు మచ్చదాని వైపు చూస్తోంది.

నల్లది చేతుల్లోకి వచ్చాక దాని మొహం నీళ్ళతో కడిగాను. ఆ నలుపంతా చెరువు బురద. కింద తెల్లటి ఈకలు, ముక్కు కొసన పసుపు. నా పట్టు సడలింది, అది ఎగిరిపోయింది.

వెనక్కి తిరిగేసరికి ఆమె ఆ మెడ బిగిసినదాన్ని విడిపించి గట్టు మీద పడుకోబెట్టింది. మెడ వాలిపోయింది, ఊపిరి లేదు. ఛీ, నా చదువు తగలెయ్య! రెండింటి పసుపూ ముందే కనబడి ఉంటే ఆమె మాటే వినేవాణ్ణి.

“ఇంతకీ ఆ ఎగిరిపోయింది ఏ రకమండీ మాస్టారూ?” అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

“ఇదేనమ్మా,” అన్నాను, గట్టు మీది దాన్ని చూపించి.