మూసిన పడవలో పెప్పర్‌మింట్ వాసన

2022 అక్టోబరులో నన్ను మిషిగన్‌లో, నోవై అనే ఊరికి దగ్గరగా ఒక చెరువు మీదున్న మెరీనాలో, అంటే జనం తమ పడవలు కట్టేసుకునే రేవులో, వింటర్ టెక్నీషియన్‌గా వేశారు. ఆర్నెల్లు ప్రొబేషన్. అంతకుముందు నేను డాక్ హ్యాండ్‌ని. తాడు పట్టుకోమంటే పట్టుకోవడం, వదలమంటే వదలడం ఆ హోదాకున్న బాధ్యతలు. ముప్పై కూడా రానివాడు ఉద్యోగ జ్ఞాపకాలు రాయడమేమిటని మీకు అనుమానం రావచ్చు. నడుములో డిస్క్ జరిగింది. ముందు నడుము రిటైరైంది, దాని వెనకాలే నేనూ.

చలికాలానికి చాలామంది పడవని ఒడ్డుకి ఎత్తించుకుంటారు. మోహన్ రావు అంకుల్ మాత్రం తన క్యాబిన్ బోటుని నీళ్లలోనే ఉంచమన్నాడు. ఆయన మా నాన్నకి స్నేహితుడు, కార్ల కంపెనీలో ఇంజనీరు. నీళ్లలో ఉంచితే పని ఎక్కువ. ఇంజిన్‌లో నీళ్లు గడ్డకట్టి అది పగలకుండా గులాబీరంగు యాంటీఫ్రీజ్ పట్టించాలి. అది పొగ గొట్టంలోంచి అదే రంగులో బయటికొచ్చేదాకా ఆపకూడదు. పడవ కింద బబ్లర్ పెట్టాలి. అది నీటి అడుగున బుడగలు వదిలే యంత్రం. బుడగలతోపాటు అడుగునున్న కాస్త వెచ్చటి నీరు పైకొచ్చి, పడవ చుట్టూ మంచు కట్టనివ్వదు. అది ఆగితే మంచు పడవని నొక్కడం మొదలుపెడుతుంది. చివరికి పడవ మొత్తానికి తెల్ల ప్లాస్టిక్ కప్పి, వేడిగాలితో బిగించి, జిప్పున్న చిన్న తలుపు ఒకటి వదులుతాం. ఆ జిప్పు ఏప్రిల్ దాకా మా మనుషులు తప్ప ఎవరూ తియ్యకూడదన్నది రూలు.

ఇక ఎలుకలు. వెచ్చదనం కోసం అవి కట్టుతాళ్ల మీద సర్కస్‌వాళ్లలా నడిచొస్తాయి. అందుకని తాళ్లకి పళ్లేల్లాంటి రేకులు తొడుగుతాం. గొట్టాల మూతుల్లో గిన్నెలు తోమే ఇనుప పీచు కూరుతాం. క్యాబిన్‌లో పెప్పర్‌మింట్ నూనె ముంచిన దూది మూలమూలా పెడతాం, ఆ ఘాటు వాటికి పడదు. పీనట్ బటర్ రాసిన బోనులు చివరి కాపలా. తినే వస్తువు ఒక్కటి కూడా లోపల ఉండకూడదు. అంకుల్ పడవలోంచి నేను తీసిన చేగోడీల సంచి బరువు చూసి, లంగరు ఇదేనేమో అనుకున్నాను.

డిసెంబరులో మా యార్డ్ మేనేజర్ గ్లెన్ పిలిచాడు. మోహన్ రావు ఫోన్ చేశాడనీ, పడవలో ఎలుక పెంటికలున్నాయనీ, కుర్రాడు పని సరిగ్గా చెయ్యలేదన్నాడనీ చెప్పాడు. గ్లెన్ గొంతు పెంచే మనిషి కాదు. వైరింగ్ గనక ఎలుకలు కొరికి ఉంటే నిన్ను పర్మనెంట్ చెయ్యడం కుదరదని, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

వెళ్లి చూశాను. తాళ్ల రేకులు ఉన్నచోటే ఉన్నాయి. ఇనుప పీచు కదల్లేదు. వైర్లు బాగున్నాయి. లోపల పెంటికలు మాత్రం నిజమే. కాని బోన్లలో పీనట్ బటర్ ముట్టలేదు. ఆకలి లేని ఎలుక సంగతి నాకు తెలియడం అదే మొదటిసారి. పైగా నేల ఎవరో ఊడ్చారు, అదీ మగవాళ్లు ఊడ్చే పద్ధతిలో: మధ్యలో అద్దంలా ఉంది, మూలలు వాటి ఖర్మానికి వదిలేశారు. అప్పుడు తట్టింది, ఏప్రిల్ దాకా తియ్యకూడని జిప్పు వెనక పెంటికలున్నాయని అంకుల్‌కి ఎలా తెలుసు?

ఫోన్ చేసి అడిగాను.

"బయటికే వాసనొస్తోంది బాబూ!" అన్నాడు.

జిప్పు ఎవరైనా తీశారేమో అంటే, పక్క పడవాయన మీద తనకి మొదట్నించీ డౌటని కూడా అన్నాడు. పక్క పడవాయన నవంబరులోనే ఫ్లోరిడా వెళ్లిపోయాడు. నేను మాత్రం అంకుల్ మీదే అనుమానం పెట్టుకున్నాను. రుజువు లేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడి అనుమానానికి విలువ ఎంతంటే, మా అమ్మ కూడా "ఊరుకోరా, పెద్దాయన" అంది.

ఆ శనివారం మధ్యాహ్నం శారద ఆంటీ, అంటే అంకుల్ భార్య, మెరీనా ఆఫీసుకి వచ్చింది. స్నో బూట్లు దులుపుకుని తలుపు వేసింది.

"కార్తీక్, నిజం చెప్పు నాన్నా. మీ అంకుల్ మళ్లీ సిగరెట్లు మొదలెట్టాడా?"

"నాకెలా తెలుస్తుంది ఆంటీ?"

"శనివారం శనివారం జిమ్ అని వెళ్తాడు. వచ్చాక కోటు నిండా పెప్పర్‌మింట్ వాసన. సిగరెట్ కంపు కప్పెట్టడానికి కాకపోతే, అంతంత పెప్పర్‌మింట్ ఎవరికి కావాలి?"

"ఎలుకలకి," అన్నాను.

ఇద్దరం డాక్ మీద నడిచాం. పడవ దగ్గరికి వచ్చేసరికి బబ్లర్ చప్పుడు లేదు. పడవకీ బబ్లర్‌కీ కలిపి కరెంటిచ్చే స్తంభంలో బ్రేకర్ పడిపోయి ఉంది. పడవ చుట్టూ నీళ్ల మీద పాల మీది మీగడలా మంచు అప్పుడే కడుతోంది. ప్లాస్టిక్ లోపల్నించి మాటలు వినబడ్డాయి.

"హీటర్ ఆగిపోయిందేంట్రా?"

"మళ్లీ పడిందిరా, తర్వాత చూద్దాం. ముందు ముక్క వెయ్యి."

"షో!"

"ఏడిశావ్, నీ చేతిలో ప్యూర్ సీక్వెన్సే లేదు!"

ఆంటీ జిప్పు ముందు నిలబడి, పెళ్లిలో పిలిచినంత మర్యాదగా పిలిచింది. "ఏమండీ."

లోపల ఎవరో చేగోడీ నమలడం మధ్యలో ఆపిన చప్పుడు కూడా స్పష్టంగా తెలిసింది.

"శారదా, మీటింగ్‌లో ఉన్నా," అన్నాడు అంకుల్.

జిప్పు తీశాను. నలుగురు అంకుల్స్, ఒక హీటర్, ఒక ఎలక్ట్రిక్ కెటిల్, పరిచిన దుప్పటి మీద పేకముక్కలు, చేగోడీలు, కారం పల్లీలు. ఇంట్లో పేకాట కుదరక, అక్కడ మొదలుపెట్టారట. హీటర్, కెటిల్ ఒకేసారి వెయ్యగానే బ్రేకర్ పడుతోంది. వెళ్లేటప్పుడు బ్రేకర్ ఎత్తి, నేల ఊడ్చి వెళ్తున్నారు. మూలల్లో మిగిలిన పల్లీలు ఎలుకలకి చాలు. జిప్పు తెరిచినప్పుడల్లా అవి లోపలికొస్తున్నాయి, వీళ్లలాగే, తలుపులోంచే.

అంకుల్ నన్ను పక్కకి తీసుకెళ్లాడు. "బాబూ, గ్లెన్‌కి ఎలుకలనే చెప్పు. మనలో మనం చూసుకుందాం. నువ్వు మనవాడివి."

"మీరు ఫోన్ చేసినప్పుడు మనవాడిని కాదా అంకుల్?"

ఆయన దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఆంటీ నా వైపు తిరిగింది. "నువ్వు వెళ్లి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. నా ఇంగ్లీషుకి ఆ గ్లెన్ ఇంకా భయపడతాడు."

ముందు కెటిల్ పీకి, బ్రేకర్ ఎత్తి, బబ్లర్ తిరిగిందని చూసుకుని, తర్వాత గ్లెన్‌కి చెప్పాను. క్రమం అదే. వచ్చి చూశాడు. పేకాట సంగతి తనకి అనవసరమనీ, ప్లాస్టిక్ కింద హీటర్ వెలిగించినవాడు నలుగుర్నీ కలిపి కాల్చేవాడనీ అన్నాడు. ఆ వారంలోనే పడవని ఒడ్డుకి ఎత్తించి, జిప్పుకి తాళం వేయించాడు. అంకుల్ నా మీద ఇచ్చిన కంప్లయింట్‌ని నోటితోనే వెనక్కి తీసుకున్నాడు. ఆంటీ పక్కన నిలబడి ఉండటం వల్ల ఆ వాక్యం చక్కగా వచ్చింది. ప్రొబేషన్ పూర్తయ్యాక గ్లెన్ నన్ను పర్మనెంట్ చేశాడు. చప్పట్లేమీ లేవు. జిప్పుల తాళాల గుత్తి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

శారద ఆంటీకి మాత్రం సిగరెట్ కాదని తెలిశాక కాస్త నిరుత్సాహం కలిగినట్టే అనిపించింది. పేకాటకి అంత పెద్ద గొడవ పెట్టుకోలేదు.

ఆ పని నాకు నేర్పింది ఇది. మూసిన పడవలో ఎలుక కనబడితే కన్నం వెతకడం రెండో పని. లోపలికి తిండి ఎవరు తెచ్చారో ముందు తేల్చాలి. ఓనర్‌ని అడగొచ్చు, కాని ఆయన చెప్పింది లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఇంట్లో ఆయన కోటు తగిలించేవాళ్లని అడగాలి.