బొట్టు పెట్టిన సీడీ

నేను కర్నూలులో కంప్యూటర్ డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. కంప్యూటర్ మీద కథ చెప్పడం గురించి. చదివేవాళ్లు ఊరికే చదువుకుంటూ పోవడం కాదట. మధ్యమధ్యలో కథ ఆగి, ఇప్పుడెటు పోదామని వాళ్లనే అడుగుతుందట. ఎటు నొక్కితే అటు పోతుంది. అబ్బ, ఏం పుస్తకమది! అన్నం సంగతే మర్చిపోయి చదివాను. నా ఆఖరి ఏడాది ప్రాజెక్టు ఇదేనని అప్పుడే తీర్మానించుకున్నాను.

సెలవులకు ఆత్మకూరు పోయినప్పుడు మా మేనత్తకు చెప్పాను. మాది కిరాణా అంగడి. నాన్న సరుకు తెస్తే అత్త గల్లా దగ్గర కూర్చునేది. భర్త పోయాక మా ఇంటికే వచ్చేసిన మనిషి. ఆమె కథ మొదలుపెట్టిందంటే ఉప్పుకొచ్చినవాళ్లు నిలబడిపోయి పప్పు కూడా కొనుక్కుని పోయేవాళ్లు. మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు పుస్తకం విప్పి, పేజీ పేజీ తెలుగులో చెప్పాను. చెంపన చెయ్యి పెట్టుకుని విన్నది.

"అయితే కథ కంచికే పోవాలని లేదన్నమాట!"

"యాడికైనా పోవచ్చత్తా."

"ఓయబ్బ! ఎవురు కనిపెట్టినారో గానీ శానా తెలివైనోళ్లే. రాసుకో మే, నేను చెప్తా."

అప్పటికప్పుడు అల్లింది. తిరునాళ్లకు పోతూ నల్లమలలో బండి నుంచి తప్పిపోయిన శెట్టి కూతురు. వాగు వెంబడి పోతే ఒక కథ, బండి చక్రాల జాడ పడితే ఇంకోటి, డప్పు చప్పుడు విని పోతే మరోటి. ఎటు పోయినా కడకు ఇల్లు చేరుతుంది. కంప్యూటర్‌ను కళ్లతో చూడని మనిషి, ఏ దారి ఎక్కడ చీలిందో ఎక్కడ కలిసిందో ఒక్కచోట కూడా తడబడలేదు. నాకు మతి పోయింది. ఇప్పటికీ ఆ బుర్రకు దండం పెడతాను.

కర్నూలుకొచ్చి, ఆ మొండి తెలుగు ఫాంటుతో కుస్తీ పట్టి, కథంతా కొట్టి సీడీలోకి ఎక్కించాను. దసరా సెలవులు కాగానే పరీక్ష. బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు కథ ఆడాలి. ఆడకపోతే ఏడాది పోయినట్టే. అందుకే సీడీని కూడా భద్రంగా ఇంటికి పట్టుకుపోయాను.

అదే కొంప ముంచింది. ఆయుధపూజ నాడు మా అంగట్లో తక్కెడ, తూకం రాళ్లు, కత్తెర అన్నీ కడిగి వరుసగా పెట్టి బొట్లు పెడతారు. బిడ్డ పనిముట్టు ఒక్కటే పూజ లేకుండా ఎందుకుండాలని నాన్నకు తోచింది. సీడీని పెట్టెలోంచి తీశాడు. మెరిసే వైపే ముఖమనుకున్నాడు. దాని మీద తడి గంధం నిండుగా పూసి, కుంకుమ అద్ది, అక్షింతలు వేశాడు. నేను చూసేసరికి గంధం ఎండి అట్ట కట్టింది.

"ఏంది నాన్నా ఇది!"

"నీకు మంచి జరగాలనే కదమ్మా," అన్నాడు. ఆ ముఖం చూసి ఏమని తిట్టను? గోటితో గీకాను, గుడ్డతో రుద్దాను. గంధం పోయింది గానీ గీతలు మిగిలాయి.

కర్నూలులో లాబ్ కంప్యూటర్‌లో పెడితే సీడీ గిర్రున తిరిగిందే తప్ప కథ రాలేదు. సెలవుల్లో అక్కడి కంప్యూటర్లన్నీ తుడిచేశారట, వాటిలో దాచిందీ పోయింది. నేను రాసుకున్న కాయితాలు, ఇక పనిలేదని దసరాకు ఇంట్లో పడేస్తే, అంగట్లో పొట్లాలై ఊళ్లోకి పోయాయి. పరీక్ష మర్నాడే. పేజీలు కలిపే పని నాకు వచ్చు. మాటలు మాత్రం అత్తవి. కాలేజీ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి అంగడికి ఫోన్ చేశాను.

"ఏడవద్దు మే. కలం పట్టుకున్న్యావా?" అని మొదలుపెట్టింది. అంగడికొచ్చినవాళ్లను "ఉండండప్పా, మా పిల్లకు పరీచ్చ ఉండాది" అని నిలబెట్టేసి, వాగూ, జాడా, డప్పూ అన్నీ చెప్పింది. ఆఖరుకొచ్చేసరికి నా కలం ఆగింది. అడవి దాటినాక శెట్టి కూతురికి ఒక బడి కనిపించింది. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"అత్తా, ఇది అప్పుడు చెప్పలేదే!"

"అప్పుడు తోచలేదు. రాయి. ఇంటికి పోతాదా, బడికి పోతాదా, అడుగు."

అత్తను అయిదో తరగతిలోనే బడి మాన్పించి పెళ్లి చేశారు. ఆ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె నోట మాత్రం ఎన్నడూ వినలేదు. ఇల్లు, బడి, రెండు దారులూ రాసుకున్నాను.

లాబ్ మూసేదాకా కూర్చుని కొట్టాను. మర్నాడు ఎగ్జామినర్ వచ్చాడు. నవ్వు తెలియని ముఖం. వాగు వెంబడి పోయాడు, కథలో చిరుత ఎదురైన చోట ఉలిక్కిపడ్డాడు, అడవి దాటాడు. ఆఖరి తెర మీద రెండు మాటలు నిలిచాయి: ఇంటికి, బడికి. మౌస్ మీద చెయ్యి పెట్టి కాసేపు ఆలోచించి నొక్కాడు.

మళ్లీ బూత్‌కు పరుగెత్తాను.

"అత్తా, కథ ఆడింది! నేను పాసు!"

"అది సరే మే. ఆయప్ప యాడ నొక్కినాడు?"

"బడి మీద."

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"పంపించినాడా!" అంది. "సల్లగుండాల ఆయప్ప."