ఫౌజియా పెట్టిన ఎర్ర రంగు

పటమటలోని ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అందరి తెరలూ నలుపే. ఆ నలుపు మీద కోడ్ పసుపు, ఊదా, గులాబీ రంగుల్లో తిరునాళ్ళ దుకాణంలా వెలిగిపోతుండేది. అది చూస్తే ఫౌజియాకు మధ్యాహ్నానికల్లా తలపోటు. అందుకే తనకో థీమ్ తనే తయారు చేసుకుంది. తెల్లటి తెర, నల్లటి అక్షరాలు, అంతే. కోడ్ మధ్యలో మనుషులు ఒకరి కోసం ఒకరు రాసిపెట్టే కామెంట్లు మాత్రం ఎర్రగా కనిపిస్తాయి. మిగతావాళ్ళ తెరల మీద అవి బూడిద రంగులో, ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. రాసినవాడు చదవమనే కదా రాశాడని ఆమె వాదన.

టీమ్ లీడర్ పవన్‌కుమార్‌కి ఇది నచ్చలేదు. పాత రేషన్ కార్డులా ఉందని నవ్వాడు, అందరిలాగే నలుపు పెట్టుకోమన్నాడు. ఆమె ప్రొబేషన్ ఆ శుక్రవారంతో ముగుస్తుంది. ఉద్యోగం ఉండేదీ ఊడేదీ ఆయన చేతిలోనే ఉంది. ఇంకెవరైనా అయితే నోరు మూసుకుని మార్చేవారు. ఫౌజియా మొండిఘటం, మార్చలేదు.

అదే వారం హనుమాన్ జంక్షన్ చేపల వ్యాపారి బసవయ్య ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. లారీకి ఎంత ఐసు వెయ్యాలో చెప్పేది వీళ్ళ సాఫ్ట్‌వేరే. ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ చేప దారిలోనే పాడైపోతోంది. ఆఫీసంతా మూడు రోజులు తలకిందులుగా వెతికినా తప్పెక్కడో దొరకలేదు. చివరికి గురువారం ఉదయం ఆ ఫైలు ఫౌజియాకు అంటగట్టారు.

ఆమె తెరిచింది. తెల్లటి తెర మీద ఒకే ఒక్క వరస ఎర్రగా ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "ఈ లెక్క చలికాలానికే. ఎండలొచ్చేలోగా మార్చాలి, మర్చిపోవద్దు." పక్కనే రాసినవాడి పేరు, పవన్. దీపావళి ముందు హడావిడిలో రాసి, ఆయనే మర్చిపోయాడు.

ఫౌజియా గోల చెయ్యకుండా ఆయన్ని పిలిచి తెర చూపించింది. పవన్‌కుమార్ రెండుసార్లు చదువుకున్నాడు. వెంటనే కూర్చుని మధ్యాహ్నంలోగా లెక్క సరిచేశాడు.

శుక్రవారం బసవయ్య ఫోన్ చేసి, చెన్నై చేరిన సరుకు అప్పుడే చెరువులోంచి తీసినట్టుందన్నాడు. పవన్‌కుమార్ అందరి ముందూ ఫౌజియా ఉద్యోగం ఖాయమని చెప్పి, తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"నాక్కూడా మీ థీమ్ పెట్టండి ఫౌజియా గారూ. ఇంకా ఏమేం రాసి మర్చిపోయానో చూసుకోవాలి."

ఆనందం పట్టలేక ఫౌజియా పకపకా నవ్వేసింది. నవ్వుతూనే థీమ్ పెట్టడానికి ఆయన కుర్చీలో కూర్చుంది.