దూలాల మీద వార్నిష్

ఆళ్లగడ్డలో మా అన్న ఉండేది మా తాత కట్టిన మట్టి మిద్దె. దాన్ని మోసేవి నాలుగు టేకు దూలాలు. ఏటా కొట్టిన సున్నం, వంటింటి పొగ కలిసి అవి గోడ రంగులోకి వచ్చేశాయి. వానలకు కారిన పైకప్పును బాగు చేయించాక, ఇక దూలాలకు ఏం పూయాలన్న మాట వచ్చింది.

అన్న విగ్రహాలు చెక్కేవాడు. ముప్పై ఏళ్లు రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. ఏడాది కిందట నంద్యాలలో డాక్టరు నన్ను ఒక్కడినే పక్కకు పిలిచి, ఇకమీదట ఏ దుమ్మూ తగలకూడదు, తగిలితే మనిషి దక్కడు అన్నాడు. వదిన భయపడుతుందని ఆమెకు చెప్పలేదు. అన్నకు మాత్రం రాతి పని మానేయమన్నాడని చెప్పి ఊరుకున్నాను.

"ఇంజన్లో తీసిన నల్లాయిల్ పూస్తే సరిపాయ. చెదలు రావు, గీకే పనే ల్యా" అన్నాడు అన్న.

నాకు నచ్చలేదు. నేనుండే నంద్యాలలో డబ్బున్నవాళ్ల ఇళ్లలో మెరిసే టేకును చూసి నాకు కళ్లు కుట్టేవి. టేకుకు ఎవడైనా మడ్డి పూస్తాడా అని ఎగతాళి చేసి, వార్నిష్ డబ్బా కొనుక్కొచ్చాను. చారలు పైకి తేలాలంటే పాత సున్నమంతా గీకి, గరుకు కాగితంతో రుద్దాలని కొట్టతను చెప్పాడు. దానికి కూలి మనిషిని కూడా మాట్లాడాను.

అతను మిషన్ పెట్టి మొదటి దూలం మీద గాడి పడేలా రుద్దాడు. అన్న చూడలేకపోయాడు. "దిగప్పా, దిగు. మా తాత ఎత్తిన దూలం అది" అని అతన్ని దింపి, తానే పరంజా ఎక్కాడు.

"నువ్వు ఎక్కగాకు, అన్నా" అన్నాను.

"రాయి కాదు గదరా. చెక్క ఏం చేస్తాది?"

ముఖానికి తువ్వాలు కట్టుకోమంటే కట్టుకున్నాడు. కానీ శిల్పులకు ఒక అలవాటుంది. విగ్రహం కన్నూ ముక్కూ తీర్చేటప్పుడు గీత పడుతుందని దుమ్మును గుడ్డతో తుడవరు, నోటితో ఊదుతారు. అన్న నాలుగుసార్లు రుద్దేవాడు, తువ్వాలు కిందికి లాగి ఊదేవాడు, మళ్లీ గాలి పీల్చుకునేవాడు. సున్నం పొడి ఆయన ముఖం మీదికే తిరిగి వచ్చేది. నేను కింద నిలబడి చూస్తూనే ఉన్నాను. ఎర్రటి చారలు ఒక్కొక్కటే బయటపడుతుంటే నాకు సంతోషంగా కూడా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం.

మూడు రోజుల్లో నాలుగు దూలాలూ అయ్యాయి. నాలుగో రోజు అన్న పడుకోలేక మంచం మీద కూర్చునే ఉండిపోయాడు. పడుకుంటే ఊపిరి ఆడలేదు. ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉన్నాడు. మాట్లాడే ఓపిక లేక సైగలు చేసేవాడు. ఒక్కసారి మాత్రం "పూసినావా?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను. ఆ మరుసటి రోజు పోయాడు.

కర్మలు అయ్యాక నేనే రెండు పూతలు వేశాను. పలకరించడానికి వచ్చినవాళ్లు తలెత్తి చూసి, బాగా కుదిరిందన్నారు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

బయల్దేరుతుంటే వదిన వాకిట్లో ఆపింది.

"అబ్బీ, రాతి పని మానేసి ఏడాదాయ. బాగానే ఉండె గదా, ఒక్కసారిగా అట్లెట్ల అయిపాయ? డాక్టరు నీకు ముందే ఏమన్నా చెప్పిండెనా?"

"లేదు వదినా" అన్నాను.

"చెప్పింటే నేను ఆయప్పను ఆడికి ఎక్కనిచ్చేదాన్నా" అంది.