పచ్చ చెక్క మీద నా పేరు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ముందునుంచీ ఒళ్ళు మంట. ఏళ్ళ తరబడి హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని. క్లాసులో ఎవరైనా తెల్లచీర, చింతచెట్టు అని మొదలుపెడితే బెంచీ ఎక్కించి నిలబెట్టేదాన్ని. నాకు అమావాస్యా లేదు, దిష్టీ లేదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. కానీ మొన్న మా చెల్లెలు అన్న మాటకు నాకు కంటిమీద కునుకు లేదు. చెప్పేస్తాను, నమ్మడం మానడం మీ ఇష్టం.

డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది నాటి ముచ్చట ఇది. మాది వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇల్లు. వెడల్పాటి జంపఖానా ఒక్కరితో అయ్యే పని కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని చెరో సగం నెయ్యాలి. మా బాపు పక్కన కూర్చునే చోటు నాది. నేను ఎం.ఏ. రెండో ఏడుకు వచ్చాక ఆ చోట్లో నా చెల్లెలు సరోజ కూర్చుంది.

అది అప్పుడే ఇంటర్ పాసైంది. నాకంటే చురుకైంది, ఉన్నమాట చెప్పాలి కదా. కానీ ఇద్దరం కాలేజీకి పోతే మగ్గం ఆగిపోతుంది. అందుకని ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఈ ఏడు నాది. మార్చిలో నా చదువు ముగిస్తే మగ్గం మీద నేను కూర్చోవాలి, జూన్‌లో సరోజ అదే కాలేజీలో చేరాలి. నేను ఒక్క నెల ఆలస్యం చేసినా దాని ఏడాది పోయినట్టే. అది రోజూ పడుకునేముందు క్యాలెండర్‌లో ఒక అంకె కొట్టేసేది. నా ముందే కొట్టేసేది, నాకు గుర్తుండాలని.

ఆ ఏడు నేను డిసర్టేషన్ రాయాలి. జంపఖానాల పాత చరిత్రే తీసుకున్నాను. క్లాసు నోట్సుతో ఈ పని కాదమ్మా, ముందు లైబ్రరీ వాడడం నేర్చుకో అన్నారు మా సారు. అప్పటిదాకా లైబ్రరీ అంటే నాకు పరీక్షల ముందు గైడు తెచ్చుకునే కిటికీ, అంతే. కిటికీ అవతల ఏముందో తెలియదు.

నేర్పింది అక్కడి అటెండర్ యాదగిరి కాక. ఐదో తరగతి చదివిన మనిషి, కానీ ఏ పుస్తకం ఎన్నో అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. కార్డుల డ్రాయర్లో రాసినాయన పేరుతో దొరక్కపోతే విషయం పేరుతో ఎలా వెతకాలో, ఒక పుస్తకం చివర ఇచ్చిన జాబితా పట్టుకుని ఇంకో పుస్తకం దాకా ఎలా పోవాలో ఆయనే చూపించాడు. వారంపాటు తల తిరిగిపోయింది. ఆ తర్వాత రుచి మరిగాను.

ఆయన దగ్గర రెండు నియమాలు గట్టివి. లోపలికి పోతే రిజిస్టర్‌లో సంతకం, బయటికి వస్తే సంతకం. సాయంత్రం మూసేముందు ఆ రెండూ సరిచూసి తాళం వేసేవాడు. రెండోది చెక్కల సంగతి. హాలు వెనక పొడుగాటి చీకటి గదిలో పుస్తకాల ర్యాకులుండేవి. అక్కడ పుస్తకం తీసిన సందులో ఒక పచ్చరంగు చెక్క నిలబెట్టాలి. చెక్క మీద మన పేరు, మన కుర్చీ నంబరు రాసిన చీటీ అంటించాలి. పుస్తకం తిరిగి పెట్టాక చీటీ తీసేసి, చెక్కను డబ్బాలో వెయ్యాలి.

"చెక్క అంటే నువ్వే అనుకో బిడ్డా," అనేవాడు కాక. "పుస్తకం బయటికి పోయింది. అది మళ్ళొచ్చేదాంక నువ్వు ఈడ నిలవడి దాని జాగ కాస్తానవ్. అర్థమైందా?"

అర్థమైంది అన్నాను. అంతలా అర్థమవుతుందని అప్పుడు తెలియదు.

డిసెంబర్‌లో ఒకరోజు పోతే చెక్కల డబ్బా ఖాళీగా ఉంది. నాకేమో పుస్తకం కావాలి. వెతుక్కుంటూ పోతే చివరి ర్యాకులో ఒక చెక్క కనిపించింది. దాని మీద ఏళ్ళనాటి దుమ్ము. చీటీ మీద సిరా వెలిసిపోయింది, "అనసూయ, కుర్చీ 14" అని మాత్రం ఆనవాలు పట్టగలిగాను. ఆ పద్నాలుగో నంబరు నా పక్క కుర్చీ. ఒక కాలు పొట్టిదవడంతో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, నేను సంచీ పెట్టుకునేదాన్ని.

మా ఇంట్లో ఖాళీ కండె కనిపిస్తే ఇది ఎవరిదని అడగం. చేతికి దొరికినవాళ్ళు దాని మీద నూలు చుట్టుకోవడమే. నాకు వచ్చిన అలవాటు అది. ఇన్నేళ్ళ తర్వాత ఆ పుస్తకం ఎవరు తెస్తారులే అనుకుని, పాత చీటీ మీదే నా చీటీ అంటించేశాను. కె. లలిత, కుర్చీ 15. ఆ చెక్కను నా పుస్తకం తీసిన సందులో నిలబెట్టాను.

సాయంత్రం నా పుస్తకం తిరిగి పెట్టి, చీటీ పీకబోతే రాలేదు. సరేలే అని చెక్కను అలాగే డబ్బాలో వేశాను. మర్నాడు చూస్తే అది చివరి ర్యాకులో పాత సందులోనే నిలబడి ఉంది, నా పేరు బయటికి కనపడేలాగా. మళ్ళీ తీసి డబ్బాలో వేశాను. మూడో రోజు మళ్ళీ అక్కడే. కాకను అడిగితే పాత చీటీ సంగతి బయటపడుతుందని నోరు మూసుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి కోపమొచ్చి, దీని సంగతి తేలుద్దామని ఆ చెక్కను లాగాను. సందులోంచి ర్యాకు అవతల ఎవరో నిలబడి కనిపించారు. మొహం కనపడలేదు. బుటాల చీర కొంగు, దాన్ని పట్టుకున్న చెయ్యి, మధ్యవేలికి సిరా మరక. నాలాంటి ఇంకో స్టూడెంటు అనుకున్నాను.

"అక్కా, జర పక్కకు జరుగుతవా? వెలుతురు వస్తలేదు," అన్నాను.

చెయ్యి పక్కకు జరిగింది.

పలకరిద్దామని ర్యాకు చుట్టూ తిరిగి వెళ్ళబోయాను. తిరగడానికి అవతల ఏమీ లేదు. ఆ ర్యాకు గోడకు ఆనించి ఉంది. సందులో చెయ్యి పెట్టి చూశాను, అరచేతికి సున్నం అంటింది. చెక్కను అక్కడే కుక్కి పరుగెత్తుకొచ్చాను.

మూడు రోజులు ఆ గడప తొక్కలేదు. నాలుగో రోజు రాత్రి సరోజ క్యాలెండర్ ముందు నిలబడి, "ఏందక్కా, పోతలేవు? అయిపోయిందా నీ రాసుడు?" అని అడిగింది. మర్నాడు పోయాను. పోక చస్తానా?

జనవరి ఆఖర్లో జరిగింది అసలు సంగతి. లైబ్రరీ ఐదింటికి మూస్తారు. నాలుగున్నరకు ఒక పుస్తకం పెట్టేద్దామని వెనక గదిలోకి వెళ్ళాను. కరెంటు పోయింది. పర్వాలేదు, దారి తెలుసు అనుకుని అడుగు వేయబోతే కాలు కదలలేదు. నా వీపు చివరి ర్యాకుకు ఆని ఉంది. అక్కడికి నేను ఎప్పుడు వచ్చానో నాకు తెలియదు. రెండు చేతులూ ఒంటికి అంటుకుపోయాయి.

యాదగిరి కాక టార్చి పట్టుకుని ఆఖరి తనిఖీకి వచ్చాడు. వెలుగు నా మొహం మీద పడింది. కాకా అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూసి, అరలు చూసినట్టే చూసి, పక్క అరకు పోయాడు. కాకా, కాకా అని గొంతు చించుకున్నాను. ఆయన దగ్గుతూ వెళ్ళిపోయాడు. తాళం పడిన చప్పుడు వినిపించింది.

భయమంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. నన్ను చూసి కూడా చూడలేదే అన్నదొక్కటే తలలో తిరుగుతోంది. ఇక ఎవరూ చూడరేమో, ఇక్కడే ఇలాగే ఉండిపోతానేమో అని ఏడ్చాను. ఏడుస్తున్న చప్పుడు నాకే వినపడలేదు. అమ్మను తలచుకున్నాను, క్యాలెండర్‌ను తలచుకున్నాను.

ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి కాళ్ళు వదులయ్యాయి, అరుపు బయటికి వచ్చింది. వాచ్‌మన్ విని యాదగిరి కాకను పిలుచుకొచ్చి తలుపు తీయించాడు. గోడ గడియారంలో ఆరున్నర. కాక నన్ను చూసి కొయ్యబారిపోయాడు.

"నువ్వు నా ముంగటనే సంతకం జేసి పోతివి గద బిడ్డా!"

రిజిస్టర్ తీసి చూపించాడు. బయటికి వెళ్ళిన వరుసలో నా పేరు, నా సంతకం, నాలుగూ యాభై. అక్కడ దారంతో కట్టిన బాల్‌పెన్నుతోనే అందరూ సంతకం చేస్తారు. ఆ ఒక్క సంతకం మాత్రం ఇంకు పెన్నుది.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. బాపు నేసిన సరుకు అప్పజెప్పడానికి చేనేత సంఘానికి పోయాడు. వాకిట్లోనే అమ్మ ఎదురైంది.

"ఏందే, మళ్ళెప్పుడు బయటికి పోయినవ్? ఇప్పటిదాంక మగ్గం కాడ కూసుంటివి గద!"

లోపల సరోజ మొహం వెలిగిపోతోంది. నేను ఐదున్నరకు ఇంటికి వచ్చానట. బాపు చోట్లో దాని పక్కన కూర్చుని గంటసేపు నేశానట. ఆరున్నరకు, ఇప్పుడే వస్తా అని లేచి పోయానట. అది నవ్వుతూ మగ్గం చూపించింది. నాలుగు వేళ్ళ వెడల్పు కొత్త నేత ఉంది. పేక వదులుగా, పురి విప్పుకుని, ఎన్నడూ మగ్గం ముట్టని మనిషి నేసినట్టుగా ఉంది.

"కాలేజీకి పోయి పోయి చెయ్యి మర్చిపోయినవక్కా," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నిజంగనే తీస్కపోతవా? నీ పక్కన జాగ ఖాళీగనే ఉన్నదంటివి. పద్నాలుగో నంబర్ కుర్చీ నాకేనంటివి," అంది.

కుర్చీ నంబర్ల సంగతి నేను ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. ఒట్టు. సరోజ వేళాకోళం చేసిందేమో అని కూడా ఆలోచించాను. మరి అమ్మ కూడానా? అక్కడే కూలబడ్డాను. జ్వరమేమో అని అమ్మ నుదురు పట్టి చూసింది.

మర్నాడు యాదగిరి కాకకు అంతా చెప్పుకున్నాను, చెక్క మీద చీటీ అంటించిన సంగతితో సహా. అప్పుడు ఆయన అనసూయ సంగతి చెప్పాడు.

అనసూయ అంటే ఏళ్ళ కిందట నాలాగే రాసుకోవడానికి వచ్చిన అమ్మాయి. ఒకరోజు లోపలికి వచ్చినట్టు సంతకం ఉంది, పోయినట్టు లేదు. పద్నాలుగో కుర్చీ కింద చెప్పులు దొరికాయి. ఇంటివాళ్ళు బావులన్నీ దేవులాడారు. మనిషీ దొరకలేదు, ఆమె తీసిన పుస్తకమూ దొరకలేదు.

"ఎన్నడన్న వస్తదేమోనని ఆ పిల్ల చెక్కను నేను కదిలియ్యలె. దాని మీద నీ పేరు ఎందుకు పెట్టినవ్ బిడ్డా?"

చెక్క తెచ్చి, నీళ్ళు చల్లి, నా చీటీని గోటితో గీకేశాడు. కింద అనసూయ పేరు తేలింది. చెక్కను దాని సందులో పెట్టేశాడు. ఆ తర్వాత నాకేమీ జరగలేదు. ఆ గదిలోకి మళ్ళీ పోలేదు, కాకే పుస్తకాలు తెచ్చి కిటికీలోంచి ఇచ్చేవాడు. మార్చిలో డిసర్టేషన్ ఇచ్చేశాను.

జూన్ వచ్చింది. సరోజ ఫారం తనే నింపుకుని, ఆఫీసులో అందరూ తెలుసు కదా అని నా చేతికిచ్చింది. నేను కాలేజీ గేటు దాకా పోయాను. లైబ్రరీ మెట్లు కనిపించాయి. వెనక్కి తిరిగి, ఇంటి దారిలో మురికికాలువ పక్కన నిలబడి ఫారాన్ని ముక్కలు ముక్కలు చేశాను. సీట్లు అయిపోయినయట అని ఇంట్లో చెప్పాను.

ఆ కాలేజీలో వందలమంది ఆడపిల్లలు చదువుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. నాకు తెలుసు. కానీ వాళ్ళెవరినీ ఆ పద్నాలుగో కుర్చీకి ఇంటికొచ్చి ఎవరూ పిలవలేదు కదా? నిజం చెబితే సరోజ నవ్వేసి పోయేది. వేరే ఊళ్ళో చదివించమని బాపును అడగొచ్చు. అడగలేదు. పైగా ఆ ఏడే నాకు బడిలో ఉద్యోగం దొరికింది. నేను మగ్గం మీద కూర్చోలేదు, అది మగ్గం మీది నుంచి లేవలేదు.

ఇప్పుడు దానికి మోకాళ్ళు పనిచేయవు. మొన్న మా ఇంటికి వచ్చి, నా పుస్తకాల బీరువా ముందు కూర్చుని ఒక్కో పుస్తకం తీసి తుడిచి పెట్టింది. తుడుస్తూనే అడిగింది, కోపం లేదు గొంతులో.

"అక్కా, ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. ఆ పొద్దు మగ్గం కాడ నా చెయ్యి పట్టుకొని నువ్వే రమ్మంటివి. నువ్వు చదువుకోవాలె సరోజా, నీ జాగ నేను కాస్తా అంటివి. నాకు ఎవ్వలు అట్ల చెప్పలే. మరి నేనేం తప్పు జేసిన్నని నా ఫారం చింపినవ్?"

ఆ ముక్కలు అది కాలువ దగ్గర చూసిందట. నలభై ఏళ్ళుగా దానికి తెలుసట.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చింది ఎవరో, ఎందుకు వచ్చిందో, చెల్లెలికి మంచి చేయబోయిందో చెడు చేయబోయిందో నాకు ఈనాటికీ తెలియదు. చెల్లెలికి మాత్రం జవాబు చెప్పలేకపోయాను. అది నేను కాదు అని చెప్పాలంటే, దాన్ని చదువుకోమని అంత ప్రేమగా పిలిచింది కూడా నేను కాదని చెప్పాలి.