పసుపు రంగు పెట్టె

మావాడికి మూడేళ్లప్పుడు మేం ఫరీదాబాద్‌లో అద్దెకుండేవాళ్లం. ఇంటివాళ్లు చలికాలం కప్పుకునే రజాయిలు దాచుకునే పాత చెక్కపెట్టె ఒకటి బాల్కనీలో వదిలేసి వెళ్లారు. దాన్ని గరుకు కాగితంతో రుద్ది, పగుళ్లకు లప్పం పెట్టి, పసుపు రంగు వేశాను. ఇక్కడి దుమ్ము లోపలికి పోకుండా మూత అంచుకు రబ్బరు పట్టీ అంటించాను. మూతమీద మెత్తటి పరుపు కూడా బిగించాను. లోపల బాబు బొమ్మలు, పైన కూర్చోడానికి చోటు. చూసినకొద్దీ మురిసిపోయేదాన్ని.

ఒక సాయంత్రం పక్కింటి పంజాబీ ఆంటీ వచ్చారు. నేను టీ పెట్టి తెచ్చేసరికి ఆ పెట్టెమీదే కూర్చుని ఉన్నారు.

"అచ్ఛా, ఇది ఆ పాత పెట్టేనా? మా ఆయన్ని కూడా పంపిస్తాను బేటీ, కాస్త కొత్తగా చేసిపెట్టు" అన్నారు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

తర్వాత పాలు తాగడానికి బాబును పిలిస్తే పలకలేదు. గదులన్నీ చూశాను. వీధి తలుపు గడియ వేసే ఉంది. బాల్కనీలోంచి కిందికి వంగి చూశాను. అక్కడా లేడు. వెనక్కి తిరిగితే పెట్టె పక్కన నేలమీద బొమ్మలన్నీ కుప్పగా పోసి ఉన్నాయి.

"ఆంటీ, లేవండి" అని అరిచాను.

మూత ఎత్తితే వాడు చెమటలో తడిసి ముద్దయి, పెదాలు పాలిపోయి ఉన్నాడు. ఎత్తుకున్నాక కూడా చాలాసేపటికి గానీ ఏడవలేదు.

పడుకోబెడుతుంటే అన్నాడు: "మమ్మీ, నేను ఖట్‌ఖట్ అని కొట్టాను. నువ్వు నవ్వుతున్నావు."

ఆ పెట్టె మర్నాడే తీసేశాం. వాడికిప్పుడు అదేమీ గుర్తులేదు. నేను మాత్రం ఇంటికి ఎవరొచ్చి ఏ సరదా మాట అన్నా, ముందు వాడెక్కడున్నాడో చూసుకుని, ఆ తర్వాతే నవ్వుతాను.